సందు మొగలో మందుపిప్పి

1991 ఫిబ్రవరి 26

మళ్ళీ వచ్చింది. ఎడమవైపే.

దారం తీసే తొట్టి ముందు నిలబడి ఉండగా కంటి చివర వెలుగు మొదలైంది. రంపపు పళ్ళలా మెరుస్తూ పక్కకి జరుగుతూ పోయింది. అది కనిపించిందంటే ఇంకాసేపట్లో నా పని అయిపోయినట్టే. ఉడికే పట్టుకాయల కంపు రోజూ పీల్చేదే, ఇవాళ మాత్రం పడలేదు. వెనక గోడ దగ్గరికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మా వరసకి పెద్ద షీ గుయ్‌హువా అందరూ వినేలా అరిచింది.

"ఏమే చిన్‌యే, రెండోదా? ఒక్క పిల్ల చాలదన్నమాట! కుటుంబ నియంత్రణ ఆఫీసులో చెప్పి రమ్మంటావా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వబోయాను కానీ నవ్వితే కణత పగిలేలా ఉంది. బస్తాల గదిలో చీకట్లో పడుకున్నాను. లోపల ఎవరో మేకు దిగ్గొడుతున్నారు, పీకుతున్నారు, మళ్ళీ దిగ్గొడుతున్నారు.

అమ్మకి కూడా ఎడమవైపే. అమ్మ గురించి రాయను.

మా ఆయన పండగ సెలవు అయిపోయి పాన్‌జిహువా ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. ఉత్తరంలో రాస్తే అక్కడ కంగారు పడతారు. అత్తయ్యతో చెబితే సాయంత్రానికి నది అవతలికి కూడా తెలుస్తుంది. మా అమ్మాయి రూయీకి పదకొండేళ్ళు, దానికేం చెప్తాను? అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఫిబ్రవరి 28

ఇంకా పోలేదు. దువ్వెన పెడితే జుట్టు కూడా నొప్పి.

మార్చి 2

అత్తయ్యకి తెలిసిపోయింది. షీ గుయ్‌హువా నోరు ఊరుకుంటుందా? తెల్లారగానే నన్ను ఓయాంగ్ వైద్యుడి మందులకొట్టుకి తోలింది.

ఆయన ముందు నా మొహం చూశాడు, తరవాత నాలుక, ఆ తరవాత మాట్లాడాడు.

"ఏ పక్క?"

"ఎడమండీ."

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి? వేలితో గీసి చూపించు."

కణత నుంచి చెవి మీదుగా మెడ వెనక గుంట దాకా గీశాను. అది పిత్తం నడిచే దారి అన్నాడు. గాలి కొడితే ఎక్కువా? నెలసరి ముందు వస్తుందా? పొద్దున్నే నోరు చేదా? అన్నిటికీ తల ఊపాను.

"కోపం?"

"నాకు కోపం రాదండీ."

"రాదా, మింగేస్తావా?"

చిన్న దిండు మీద నా చెయ్యి పెట్టించి, మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఒక చెయ్యి, తరవాత రెండో చెయ్యి. ఆయన నిద్రపోయాడేమో అనుకున్నాను.

"బిగించిన తీగలా కొట్టుకుంటోంది నాడి. నీ కాలేయం మంట మీద ఉందమ్మా. మంట పైకే కదా పోయేది. దానికి గాలి తోడైంది. పైకెక్కినదానికి దిగే దారి లేదు, రక్తం అక్కడే చిక్కబడి కూర్చుంది. నాలుక మీద ఆ ఊదా మచ్చలు అవే. మంట తగ్గించాలి, గాలిని అణచాలి, రక్తాన్ని కదపాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా ఇది?"

"లేదండీ."

ఇంట్లో అనే కదా అడిగాడు. మా ఇంట్లో ఎవరికీ లేదు. అమ్మ మా ఇంట్లో లేదు, అమ్మ ఎక్కడా లేదు. నేను అబద్ధం చెప్పలేదు.

"మిరపకాయ మానెయ్" అన్నాడు ఆఖర్న.

"మానేసి ఏం తినాలండీ?"

"మన సిచువాన్‌లో ఈ మాటంటే అందరూ ఇదే మొహం పెడతారు" అని నవ్వాడు. పొట్లాల్లో చువాన్‌షియోంగ్ వేరు ముక్కలు, చామంతులు, ముత్యపు చిప్పల పలుకులు, కొక్కేల్లాంటి ముళ్ళున్న పుల్లలు ఉన్నాయి. రెండు ఎండు తేళ్ళు కూడా. మొండి నొప్పికి అవే కావాలట.

మార్చి 3

అత్తయ్య పక్కింటి నుంచి మందు కాచే మట్టికుండ తెచ్చింది. అది మనం తిరిగి ఇవ్వకూడదు, ఇస్తే వాళ్ళింటికి రోగం మోసుకెళ్ళి ఇచ్చినట్టు. వాళ్ళకి కావాల్సినప్పుడు వాళ్ళే వచ్చి పట్టుకుపోవాలి. చిప్పలు ముందు ఉడకాలి, కొక్కేల పుల్లలు చివర్లో వెయ్యాలి. ఇల్లంతా వేరు ఘాటు. రెండుసార్లు కాచి, రెండూ కలిపి తాగాను. కక్కుకోలేదు, అదే గొప్ప.

పిప్పి చెత్తబుట్టలో వెయ్యబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"రోగాన్ని ఇంట్లోనే దాచుకుంటావేంటే? పొద్దున్నే తీసుకెళ్ళి సందు మొగలో పొయ్యి. నలుగురూ తొక్కాలి. తొక్కినవాళ్ళ కాళ్ళ వెంబడి పోతుంది."

"ఎవరింటికి పోతుందండీ?"

"ఎవరింటికి పోతే నీకెందుకు? నీ నెత్తి మీంచి దిగిందా లేదా?"

రూయీ గంజి తాగడం ఆపింది. "నాన్నమ్మా, తొక్కితే నిజంగా వాళ్ళకి వస్తుందా?"

"రాదా మరి? ఒకళ్ళని వదిలి ఊరికే పోతుందా?"

"అదంతా మూఢనమ్మకం. బడిలో చెప్పలేదూ?" అన్నాను.

మార్చి 4

పోశాను. అత్తయ్య పోరు పడలేక పోశాను, అంతే. రూయీ బడికి పెరటి గుమ్మంలోంచి నది వైపు వెళ్తుంది, సందు మొగకి రాదు. అందుకే ధైర్యంగా పోశాను. అంటే నమ్ముతున్నానని కాదు.

తలుపు చాటున నిలబడి చూశాను. మొదట తొక్కింది టోఫూ అమ్మే ఫాన్ ముసలాయన. బండి చక్రం, తరవాత ఆయన కాళ్ళు. నాకు గుండె తేలికైంది. వెంటనే సిగ్గేసింది. ఇటువైపు షీ గుయ్‌హువా ఎప్పుడైనా వస్తుందా అని కూడా ఆలోచించాను. ఇది రాయకుండా ఉండాల్సింది.

మార్చి 10

ఓయాంగ్ గారి సూదులు. కణత మీద, మెడ వెనక గుంటల్లో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, కాలి వేళ్ళ సందులో. నొప్పి తలలో ఉంటే కాలికెందుకండీ అన్నాను. "పైకెక్కినదాన్ని కింది నుంచి లాగొద్దూ?" అని పాదంలో సూది తిప్పాడు. బరువుగా, తిమ్మిరిగా ఏదో పిక్కల్లోకి పాకింది. అదే కావాలి, అది వచ్చిందంటే పట్టుకున్నట్టు అన్నాడు. అక్కడే పడుకుని నిద్రపోయాను. పగలు నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

మార్చి 15

నెలసరి వచ్చింది. తలనొప్పి రాలేదు.

మార్చి 16

ఇవాళ కూడా రాలేదు. ఇలా రాయకూడదేమో, దిష్టి తగులుతుంది.

మార్చి 21

పని నుంచి వచ్చేసరికి రూయీ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుంది.

ఎండలో ఆడి ఉంటుంది. ఇక్కడ మార్చిలో ఎండ ఎక్కడిది? ఏమో, పరుగెత్తి ఉంటుంది. చలి తగిలి ఉంటుంది.

"ఏ పక్కే?" అని అడిగాను.

"ఈ పక్క."

"వెలుగు కనిపించిందా? మెరుస్తూ?"

"నీకెలా తెలుసు?" అంది.

దాని గుడ్డబూట్లు మంచం కింద పెడుతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. అడుగు అట్ట దారాల మధ్య కొక్కెం ముల్లు. నా మందులోదే. తీసి పారేసి రెండో బూటు చూశాను. అందులో కూడా ఉన్నాయి.

బడికి నది వైపు నుంచే కదా పోతుంది. సందు మొగకి ఎందుకెళ్ళింది? నూడుల్స్ బండి దగ్గరికి వెళ్ళి ఉంటుంది. అంతే అయ్యుంటుంది.

మార్చి 22

నేను నమ్మను. ఎనిమిదో తరగతి చదివాను. నేను నమ్మను.

మార్చి 23

ఫాన్ ముసలాయన్ని ఆపి, ఒంట్లో ఎలా ఉంది బాబాయ్ అని అడిగాను. తల ఏమైనా బరువుగా ఉంటోందా?

"నాకా? నాకు మోకాళ్ళే. తల ఎప్పుడూ ఖాళీయే, మీ పిన్నిని అడుగు" అని నవ్వాడు. ఈ మూడు వారాలూ ఆయన రోజూ తొక్కుతున్నాడు. ఆయనకేం కాలేదు. ఇంటికి వచ్చేదాకా సంతోషంగానే ఉన్నాను. తరవాత అనిపించింది, ఆయన తొక్కినా అంటలేదంటే నా రోగం మరెవరికోసమో ఆగి ఉందని.

రూయీకి ఇవాళ కూడా ఉంది. అన్నం వద్దంది. దీపం ఆర్పమంది.

మార్చి 24

మందు తాగడం మానేశాను. కాస్తున్నాను, అత్తయ్య చూస్తుంది కాబట్టి. కషాయం తూములో పోస్తున్నాను, పిప్పి మిల్లుకి తీసుకెళ్ళి పొయ్యిలో వేస్తున్నాను. నాది నా దగ్గరికి వచ్చేస్తే రూయీని వదిలేస్తుంది. రోగానికి చిరునామా తెలుసు కదా.

ఇదేమీ నమ్మకం కాదు. ఊరికే చేసి చూస్తున్నాను.

మార్చి 26

రాలేదు. తల కడిగిన గిన్నెలా ఉంది. భయంగా ఉంది.

మార్చి 28

రూయీని ఓయాంగ్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. దాని సన్నటి మణికట్టు మీద ఆయన వేళ్ళు ఆనించాడు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను, ఒక్క కనుబొమ కదిలినా ప్రాణం పోయేలా ఉంది.

"తల్లి నాడే. ఇంకా లేతగా ఉంది కానీ ఆ తీగ ఉంది. ఈ వయసులో ఆడపిల్లలకి రక్తం కొత్త పని నేర్చుకుంటుంది, అప్పుడు బయటపడుతుంది. మీ అమ్మగారికి ఉండేదా?"

రూయీని మందులు కట్టే బల్ల దగ్గరికి పంపి, అప్పుడు చెప్పాను. అమ్మ ముప్పై తొమ్మిదో ఏట నది మెట్ల మీద కూర ఆకులు కడుగుతూ తల పట్టుకుందని, అలాగే నీళ్ళలోకి ఒరిగిందని. అంతకుముందు ఏళ్ళ తరబడి ఎడమవైపు నొప్పి అనేదని. నాకిప్పుడు ముప్పై ఏడు.

ఆయన నాడి చూసే దిండు పక్కకి జరిపాడు.

"మీ అమ్మ నాడి నేను చూడలేదు. చూడనిదాని గురించి చెప్పను. మీ ఇద్దరిదీ పార్శ్వపు నొప్పి, అది మాత్రం చెప్పగలను. కానీ ఈ పిల్ల తెల్లారుజామున నిద్రలేస్తూనే వాంతి చేసుకున్నా, ఒకటి రెండుగా కనిపిస్తోందన్నా, కాలు ఈడ్చినా, ఫిట్స్ వచ్చినా, నా దగ్గరికి రాకు. తిన్నగా చెంగ్‌దూ పెద్దాసుపత్రికి తీసుకుపో. నువ్వైనా అంతే."

తేళ్ళు వెయ్యలేదు, తేలిక మందిచ్చాడు. చెవి మీద ఆవగింజల్లాంటి విత్తనాలు పెట్టి పట్టీ వేసి, రోజూ నొక్కుకోమన్నాడు. వచ్చేముందు ఊరికే అడుగుతున్నట్టు అడిగాను, పిప్పి తొక్కితే వస్తుందంటారు, నిజమేనా అని.

"నేను ఈ కొట్టు ముందు ఎంతమంది పిప్పి తొక్కి ఉంటానమ్మా? ఈపాటికి ఊళ్ళో రోగాలన్నీ నా ఒంట్లోనే ఉండాలి. దారిన పోయే ఏ వైద్యుడో చూసి, మందు తప్పుంటే చెప్తాడని పూర్వం వీధిలో పోసేవాళ్ళట. మీ అత్తగారికి చెప్పు."

నవ్వాను. ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది. మరి మూడు వారాలు నాకు లేనిది దానికెందుకు వచ్చింది? నాకు తగ్గాకే ఎందుకు వచ్చింది?

మార్చి 30

రూయీ మందుపిప్పి ఎక్కడ పొయ్యాలి? అత్తయ్య సందు మొగలోనే అంటోంది. గుడ్డలో కట్టి కట్టెల వెనక దాచాను. ఇంకో పిల్ల తొక్కితే?

ఏప్రిల్ 2

తెల్లారుజామున అది కదిలితే చాలు లేచి కూర్చుంటున్నాను. వాంతి చేసుకోలేదు. వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతున్నాను. "అమ్మా, నేను ఒకటో తరగతి పిల్లనా?" అంటోంది. నడుస్తుంటే వెనకనుంచి కాళ్ళు చూస్తున్నాను.

ఏప్రిల్ 5

చింగ్‌మింగ్, పెద్దల పండగ. అమ్మ సమాధి ఊడ్చి, కాగితాలు కాల్చి, దణ్ణం పెట్టుకుని వచ్చాము. దారిలో రూయీ అడిగింది, అమ్మమ్మ ఎలా చచ్చిపోయిందని.

"నీళ్ళలో పడిపోయింది."

"తలనొప్పి వచ్చే కదా పడింది?"

"ఎవరు చెప్పారే?"

చెవి పట్టీ నొక్కుకుంటూ ముందుకి నడిచింది. ఎవరు చెప్తారు? అత్తయ్యే.

ఏప్రిల్ 6

వచ్చింది! ఎడమవైపే. వెలుగు, మేకు, వాంతి, అన్నీ వచ్చాయి. బస్తాల గదిలో పడుకుని ఏడుస్తూ నవ్వాను. షీ గుయ్‌హువా తొంగిచూసి "దీనికి పిచ్చెక్కింది" అంది. ఇంటికి వచ్చేసరికి రూయీ వాకిట్లో తాడాట ఆడుతోంది. మొహం మామూలుగా ఉంది. వెళ్ళిపోయింది దాని దగ్గర్నుంచి. నా దగ్గరికి వచ్చేసింది.

నన్ను చూసి ఆట ఆపేసింది. తాడు చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది.

ఏప్రిల్ 7

పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, కట్టెల వెనక మూట తీసుకుని సందు మొగకి వెళ్ళాను. తల పగిలిపోతోంది. అయినా అనుమానం ఎందుకు మిగల్చాలి? రూయీ పిప్పి అంతా రాళ్ళ మీద పోసి, చెప్పులు విప్పి, రెండు కాళ్ళతో నిలబడ్డాను. చల్లగా, మెత్తగా ఉంది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్నది తట్టలేదు.

వెనకనుంచి కాళ్ళ చప్పుడు. చెప్పుల్లేకుండా, రాత్రి చొక్కాతో రూయీ.

"తొక్కకమ్మా! దిగు, దిగు!"

వచ్చి నన్ను రెండు చేతులా తోసింది. నేను కదల్లేదు. నా నడుం పట్టుకుని లాగుతూ ఏడుస్తోంది.

"అది నాది. నువ్వెందుకు తీసుకుంటావు? నేను తీసుకున్నాను కదా నీది!"

"ఏం తీసుకున్నావే?"

"రోజూ తొక్కాను. ఫాన్ తాతయ్య బండి వెళ్ళిపోయాక వచ్చి తొక్కేదాన్ని. ఆయన చక్రంతో తొక్కితే పోదేమోనని, నేను ఎగిరెగిరి తొక్కాను. నీకు తగ్గింది కదా? తగ్గిందా లేదా చెప్పు! నువ్వు పొయ్యడం మానేశావు. అంతా వెతికాను, పెరట్లో కూడా వెతికాను, ఎక్కడా దొరకలేదు. అందుకే నీకు మళ్ళీ వచ్చింది."

"ఎందుకే అలా చేశావు?" అన్నాను.

"నాకైతే ఏం కాదు, నేను చిన్నదాన్ని. నాన్నమ్మ చెప్పింది, అమ్మమ్మ వయసు దగ్గర పడుతోందట నీకు."

దాన్ని ఎత్తుకున్నాను. పదకొండేళ్ళ పిల్ల, కాళ్ళు నా మోకాళ్ళు దాటి వేలాడుతున్నాయి. మోయలేక మోయలేక ఇంటిదాకా మోశాను. అదంతా ఉత్తిదని చెప్పాను. ఓయాంగ్ గారు చెప్పిన సంగతి చెప్పాను, ఇది మన రక్తంలోనే ఉంది, కాళ్ళతో రాదు, కాళ్ళతో పోదు అని. అది శ్రద్ధగా వింది.

"మరి నువ్వెందుకు తొక్కావు?" అంది.

లేచి కాళ్ళకి అంటిన పిప్పి కడుక్కున్నాను.

ఏప్రిల్ 8

అత్తయ్య మీద అరిచాను. పదమూడేళ్ళలో మొదటిసారి. ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది, తరవాత వంటింట్లోకి వెళ్ళి కూర్చుని ఏడ్చింది. "నేను మాత్రం దాని చావు కోరానా?" అంటోంది. పాపం, నిజమే. కోపం మింగకూడదన్నాడు కదా వైద్యుడు, కక్కితే కూడా నొప్పి తగ్గలేదు.

ఏప్రిల్ 11

నాకు తగ్గిపోయిందని రూయీకి చెప్పాను. పూర్తిగా పోయిందే అని చెప్పాను. దాని ఎదురుగా కిటికీ బార్లా తెరిచి, వెలుతురులో కూర్చుని దాని చొక్కాకి బొత్తాలు కుట్టాను. సూది రెండుగా కనిపించింది.

కళ్ళు తడిగా ఉండడం వల్ల అయ్యుంటుంది.

ఏప్రిల్ 12

సూది సంగతి, మందు తూములో పోసిన సంగతి ఓయాంగ్ గారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. నాడి చూసి, వేలు కదుపుతూ కళ్ళతో వెంబడించమని, గీత మీద నడవమని అన్నాడు. ఇప్పుడు సరిగ్గానే కనిపిస్తోంది అన్నాను. మందు మళ్ళీ మొదలుపెట్టమన్నాడు, ఈసారి తూములో పొయ్యకుండా. అయినా చెంగ్‌దూ వెళ్ళి తల ఫోటో తీయించుకోమని చీటీ రాసిచ్చాడు. వచ్చే వారం మిల్లు పని మీద చెంగ్‌దూ పంపిస్తున్నారని ఇంట్లో చెప్తాను. పాన్‌జిహువాలో మా ఆయనకి ఉత్తరం రాయాలి. రాస్తాను.

ఇంట్లో మందు కాయడం కుదరదు. బాయిలర్ గదిలో లుయో అక్క ఉంది, నోరు జారని మనిషి. అక్కడ కాచుకుని, తాగి, పిప్పి బాయిలర్ పొయ్యిలో వేసేస్తున్నాను. బూడిదని ఎవరూ తొక్కలేరు.

ఏప్రిల్ 14

రూయీకి తలనొప్పి లేదు. చెవి పట్టీ నొక్కుకుంటూ పాఠం చదువుతోంది. మధ్య మధ్య తలెత్తి నా ఎడమ కన్నే చూస్తోంది. నేను చూస్తే పుస్తకంలోకి దిగిపోతోంది.

అన్నాల దగ్గర నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బుతో రెండుసార్లు తోముకునే వచ్చాను.

"ఇప్పుడు ఎక్కడ పోస్తున్నావమ్మా?" అంది.

"ఏంటి పొయ్యడం? తలనొప్పే లేదు, నాకు మందెందుకు?"

"ఊరికే అడిగాను."

గిన్నె కడిగి పెట్టి, బూట్లు తెచ్చి తలుపు దగ్గర నా చెప్పుల పక్కన పెట్టుకుంది. రేపటి నుంచి మిల్లు గేటు దాకా నాతో నడుస్తుందట. మిల్లు ఒక దిక్కు, బడి ఇంకో దిక్కు. పొద్దున్నే నడిస్తే ఆరోగ్యమని టీచరు చెప్పిందట.

సరే అన్నాను. వద్దంటే తెలిసిపోతుంది.